యశోద చేసిన కొండముచ్చు

బడి పిల్లలకు మధ్యాహ్నం భోజనం వండిపెట్టి, గంగాళాలు తోమి, పొగకు మండుతున్న కళ్లతో యశోద ఇల్లు చేరేసరికి దొడ్డిలో పందిరి నేలమీద ఉంది. సొరపాదు మొదలంటా పెరికి ఉంది. చిక్కుడుతీగను పీకి తడక మీద ఆరేసినట్టు ఉంది. పిందెలన్నీ ఒక్కో కాటు కొరికి, నచ్చక పారేసినట్టు దారి పొడుగునా పడి ఉన్నాయి. కోతుల మంద అప్పటికే రోడ్డు దాటి జామాయిల్ తోటలోకి పోయింది. ఒక్కటి మాత్రం తడక గుంజ మీద కూర్చుని తాపీగా వంకాయ తింటోంది. అది యశోదను చూసింది. యశోద దాన్ని చూసింది. అదిలించడానికి ఆమెకు చెయ్యి లేవలేదు. మెట్టు మీద కూలబడి, కొంగుతో ముఖం తుడుచుకుని, అది తినడం అయ్యేదాకా అలాగే కూర్చుంది.

జూలూరుపాడు దాటాక కొత్తగూడెం పోయే రోడ్డు పక్కన వాళ్ల ఇల్లు. యశోద యాభైకి దగ్గర పడింది. కూతుళ్లిద్దరూ అత్తగారిళ్లలో ఉన్నారు. భర్త సారంగపాణికి కొత్తగూడెంలో బొగ్గుబావి పని. రాత్రి డ్యూటీ చేసి పొద్దున బస్సుకు వచ్చి, ఇంత తిని పడుకుంటే సాయంత్రం దాకా లేవడు. అటువంటి మనిషిని కోతుల కోసం లేపాలంటే యశోదకు మనసొప్పేది కాదు. బడిలో ఆమె వండేది సర్కారు బియ్యం, వడ్డించేది పరాయి పిల్లలకు. తనదని చెప్పుకోవడానికి ఇంటి పక్క ఆ కాస్త దొడ్డి ఒక్కటే ఉంది. దాన్నీ దక్కనిచ్చేట్టు లేవు కోతులు. అడవి అంచున ఉన్న పండ్లచెట్లు పోయి, జామాయిల్ వరసలు వచ్చినప్పటి నుంచీ అవి ఊళ్ల మీదే బతుకుతున్నాయి.

ఉసిరికాయల గంప నెత్తిన పెట్టుకుని జంపక్క అటుగా వచ్చింది. అడవి లోపలి కోయగూడెం మనిషి. వారానికోసారి రోడ్డు వెంట ఊళ్లు తిరిగి, పోయేటప్పుడు యశోద ఇంట్లో మంచినీళ్లు తాగి పోతుంది. గంప దించి, దొడ్డి వంక చూసింది.

"మళ్లా వచ్చినయా?"

"వచ్చినయ్, తిన్నయ్, పోయినయ్. ఇగ నేను లేచి ఎత్తిపోయాలె."

"కొండముచ్చు ఉన్న తావుకు కోతి రాదు యశోదా. మా గూడెం ఎనక గుట్టల కొండముచ్చులున్నయ్. ఒక్క కోతి మొఖం కనపడదు. నువ్వు గూడ ఒకదాన్ని తెచ్చి కట్టేసుకో."

"దానికి మేత ఎవరు పెడతరు జంపక్కా? ఉన్నోళ్లకు వండలేకనే సగం సచ్చిన."

జంపక్క నవ్వింది. "ఐతే తిండి తినని కొండముచ్చును తెచ్చుకో."

జంపక్క నవ్వులాటకే అన్నా, ఆ మాట యశోద మనసులో కూర్చుండిపోయింది. ఆమె తండ్రి ముదిగొండ దిక్కున పేరున్న తాపీ మేస్త్రి. గోడలు అందరూ కడతారు. పిట్టగోడ మీద సింహాన్ని కూర్చోబెట్టాలన్నా, గేటు దిమ్మె మీద చిలకల జంటను నిలబెట్టాలన్నా ఆయన్నే పిలిచేవారు. పెళ్లయ్యేదాకా యశోద ఆయనకు మాలు కలిపి అందించింది. ఇసుకలో సిమెంటు ఎంత పడాలో, నీళ్లు ఎప్పుడు ఆపాలో ఆమె చేతికి తెలుసు. కాపురానికొచ్చాక మాత్రం తాపీ పట్టింది లేదు.

సాయంత్రం సారంగపాణి లేచి చాయ తాగుతుంటే చెప్పింది.

"సిమెంటుతోని కొండముచ్చా!" అని అతను చాయ గ్లాసు కింద పెట్టాడు. "ఏందే, నీకు పని తక్కువైందా?"

"తక్కువ కాలే. ఉన్న పని తగ్గిద్దామనే చేస్తున్న. నాకు చువ్వలు తెచ్చియ్యి చాలు."

వారం సెలవు రోజున అతను పాత ఇనుప చువ్వలు, కోళ్లగూటికి వాడే జాలి, కట్టుడు తీగ మోసుకొచ్చాడు. ఇద్దరూ దొడ్డి మూలన, రోడ్డుకు ఎదురుగా, గుంట తీసి సిమెంటు దిమ్మె పోశారు. కోతులు దిగేది ఆ వైపు నుంచే. దిమ్మె మీద చువ్వలు వంచి వెన్నెముక, భుజాలు, మడిచిన మోకాళ్లు కట్టారు. మీద జాలి చుట్టి, పొట్టలో ఇటుకముక్కలు, పాత గోనెసంచి కుక్కారు. అంతవరకూ చూస్తే అది కొండముచ్చులా లేదు, తలలేని మనిషి చతికిలబడినట్టు ఉంది. సారంగపాణి దూరం నుంచి చూసి, "రేపు పొద్దున బస్సు దిగంగనే దీన్ని చూసి నేనే దడుసుకుంట," అన్నాడు.

మిగిలిన పని యశోదదే. బడి నుంచి వచ్చి, ఇంటిపని చేసుకుని, పొద్దు వాలేలోపు మిగిలిన కాస్త వెలుతురులో చేసేది. మొదటి పూత ముతకగా కొట్టి, ఆరకముందే మేకుతో గీతలు పెట్టింది. మీద పూతకు పట్టు దొరకాలి కదా. మర్నాడు ఇసుకను జల్లెడ పట్టి, మెత్తటి మాలు కలిపి, భుజాల వంపు, చేతుల సన్నదనం తెచ్చింది. పాత దువ్వెనతో గీసి ఒంటి మీద వెంట్రుకలు తేల్చింది. పని ఆపిన ప్రతిసారీ తడి గోనెసంచులు కప్పి, పొద్దునా సాయంత్రం నీళ్లు చల్లేది. బడికి పోయే తొందరలో కూడా అది మానలేదు. నడుము లాగేది. వేళ్ల సందులు సిమెంటుకు ఒరుసుకుపోయి, పప్పులో కారం కలుపుతుంటే భగ్గుమనేవి.

తోక దగ్గర తండ్రి లేని లోటు తెలిసింది. ఆయన సింహాలకు తోకను వీపు మీదికి తిప్పి అతికించేసేవాడు, చిలకల తోకలు పొట్టివి. కొండముచ్చు తోక ఒంటికన్నా పొడుగు. రాళ్లు ఊతంగా పెట్టి పోసింది, కానీ ఊతం తొందరగా తీసేసింది. తెల్లారి లేచి చూస్తే తోక మూడు ముక్కలై నేలమీద పడి ఉంది. యశోద ఆ ముక్కల పక్కన కూర్చుని చాలాసేపు లేవలేదు. ఏడుపు రాలేదు. నిద్ర వచ్చింది. అక్కడే గుంజకు ఆనుకుని కన్ను మూసింది. బస్సు దిగి వచ్చిన సారంగపాణి భుజం తట్టి లేపాడు.

"వదిలెయ్ యశోదా. తోక లేకున్నా కోతులకేం తెలుస్తది?"

"తెలుస్తది. కోతులకే తెలుస్తది," అంది ఆమె. ఈసారి చువ్వను నడుము లోపలి నుంచే తీసుకొచ్చి, తోకను తడక గుంజ వెంట పారించి, ఊతాన్ని వారం దాటినా కదపలేదు.

ముఖం చేసే ముందు ఒక ఆదివారం జంపక్క వెంట గూడెం దాకా నడిచింది. గుట్ట మొదట్లో బండ మీద ఒక ముసలి కొండముచ్చు ఎండకు కూర్చుని ఉంది. నల్లటి ముఖం. కనుబొమ్మల మీది తెల్లటి వెంట్రుకలు చూరులా ముందుకు పొడుచుకొచ్చాయి. ఆ చూరు కింద కళ్లు దేన్నీ పట్టించుకోనట్టు, ఎన్నో చూసి విసిగినట్టు ఉన్నాయి. రాత్రి డ్యూటీ చేసి బొగ్గుబావిలో నుంచి ఎక్కి వచ్చిన మనిషి స్నానానికి ముందు అలాగే కూర్చుంటాడు. ఆ ముఖాన్నే యశోద కళ్లలో పెట్టుకుని తిరిగి వచ్చింది. దిమ్మె ముందు పీట వేసుకుని బొటనవేలితో నుదురు నొక్కింది, చెంచా వెనకవైపుతో దవడలు నున్నగా చేసింది. గోళీసోడా సీసా పగలగొట్టి తీసిన గోళీని ఒక కంట్లో, ఆడుకునే పిల్లలనడిగి తెచ్చిన గోళీని ఇంకో కంట్లో పొదిగింది. బాగా ఆరాక ఒంటికి తెల్ల సిమెంటులో కొంచెం బూడిదరంగు కలిపి పూసింది. ముఖానికి, అరచేతులకు నల్లరంగు వేసింది.

సారంగపాణి చుట్టూ తిరిగి చూశాడు.

"ఎవరి లెక్క ఉన్నది?" అని అడిగింది యశోద.

"నా లెక్కనే ఉన్నది పో," అని అతను నవ్వాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె చేతిపనిని అతను అంతసేపు నిలబడి చూడడం అదే మొదలు.

కోతులు మర్నాడే వచ్చాయి. రోడ్డు అవతల వరసగా కూర్చుని చూశాయి. పెద్ద కోతి రెండడుగులు వేసి ఆగింది, పళ్లు చూపించి అరిచింది, వెనక్కి మళ్లింది. మంద మొత్తం దాని వెనకే జామాయిల్లో కలిసిపోయింది. ఆ తర్వాత చాలా రోజులు ఒక్కటి కూడా తడక దాటలేదు. యశోద మళ్లీ పందిరి నిలబెట్టింది. బీర, కాకర పాకాయి. వంగమొక్కలు పూతకొచ్చాయి. ఒకరోజు బడి నుంచి వచ్చి, చాప వేసుకుని, పొద్దుండగానే నిద్రపోయింది. లేచేసరికి ముఖం మీద చాప అచ్చులు పడి ఉన్నాయి. అట్లా పగలు పడుకుని ఎన్నేళ్లయిందో ఆమెకే గుర్తు రాలేదు.

శ్రీరామనవమి దగ్గర పడింది. ఖమ్మం దిక్కు నుంచి భద్రాచలానికి కాలినడకన పోయేవాళ్ల గుంపులు రోడ్డెక్కాయి. వాళ్లు యశోద ఇంటి ముందు బోరింగు దగ్గర ఆగి నీళ్లు తాగుతారు; ప్రతి ఏడూ ఉన్నదే. ఆ ఏడు ఒక ముసలమ్మ దోసిలితో నీళ్లు తాగుతూ తలెత్తి, తడక మీదుగా చూసి, ఉన్నచోటనే చేతులు జోడించింది.

"తల్లీ, స్వామిని గిట్ల ఎండల కూసోబెట్టినవేంది?"

"స్వామి కాదవ్వా, కొండముచ్చు. కోతులు రాకుండ పెట్టుకున్న."

"అట్లనే అంటరు బిడ్డా. కావలి కాసేటోడే గదా ఆయన!"

ముసలమ్మ సంచిలోంచి సింధూరం తీసి కొండముచ్చు నుదుట పెట్టింది, మోకాళ్ల మధ్య రెండు అరటిపండ్లు ఉంచింది. యశోద వారించబోయింది. కానీ అప్పటికి బడి పని చేసి వచ్చి, ఎండన పడి నడిచి వచ్చినవాళ్లకు బిందెల కొద్దీ నీళ్లు కొట్టిచ్చి ఉంది. ముసలామె మనసెందుకు నొప్పించాలి, పండ్లే కదా అనుకుంది.

నుదుట బొట్టున్న బొమ్మను చూశాక వెనక వచ్చిన గుంపులు అడగనే లేదు. ఒకరు కొబ్బరికాయ కొట్టారు. ఒకరు మెడలో తమలపాకుల దండ వేశారు. సింధూరం మీద సింధూరం పడి నవమి నాటికి నల్లటి ముఖం ఎర్రగా మారింది. పండ్ల వాసనకు జామాయిల్లోంచి ఒక పిల్లకోతి వచ్చింది. భయం భయంగా చెయ్యి చాపి కొబ్బరిముక్క లాక్కుని పరుగెత్తింది. మర్నాడు దాని తల్లి వచ్చింది. మూడోనాడు మంద వచ్చింది. వారం తిరిగేసరికి ఒక కోతి కొండముచ్చు ఒళ్లో కూర్చుని పిల్లకు పాలిస్తోంది, ఇంకోటి దాని నెత్తినెక్కి పేలు చూసుకుంటోంది. అక్కడ పండ్లు అయిపోగానే దొడ్డిలోకి దిగాయి. పందిరి మళ్లీ పడింది. ఈసారి వంగమొక్కలు కూడా మిగల్లేదు.

యశోద ఆ రోజు తిట్టలేదు, రాయి తీసుకోలేదు. లోపలికి పోయి నిద్రపోతున్న సారంగపాణిని మొదటిసారి లేపింది. "లే. గడ్డపార తీస్కో. దాన్ని కూలగొట్టాలె."

అతను కళ్లు నులుముకుంటూ గడ్డపార తెచ్చి దిమ్మె పక్కన ఒక పోటు వేశాడో లేదో, రోడ్డున పోయేవాళ్లు ఆగారు. ఎవరో పోయి దూలయ్యను పిలుచుకొచ్చారు. ఊళ్లో భజనకు ముందుండే ముసలాయన. చెడ్డవాడు కాదు. బడికి బియ్యం అందని రోజున అడగకుండానే తన ఇంటి నుంచి మూట మోసుకొచ్చి యశోదకు ఇచ్చిన మనిషి. అందుకే ఆయన మాటకు ఎదురు చెప్పడం ఆమెకు కష్టం.

"ఏంది కోడలా గీ పని? పది మంది మొక్కినంక గడ్డపార పెడతరా?"

"మామా, అది నా చేతులతోని చేసిన బొమ్మ. దాని కడుపుల ఇటుకముక్కలున్నయ్, చినిగిన గోనెసంచి ఉన్నది. దేవుడు లేడు."

"ఏ గుళ్లె విగ్రహానికైనా ఒకడు ఉలి పట్టినోడే గదమ్మా. మొక్కినంక అది చేసినోనిది కాదు."

యశోద చుట్టూ చూసింది. జనం తడక బయట నిలబడి ఉన్నారు. కొందరి చేతుల్లో కొబ్బరికాయలు ఉన్నాయి. చెప్పడానికి ఆమె దగ్గర చాలా మాటలు ఉన్నాయి. నిలబడి చెప్పే ఓపికే లేదు.

"ఐతే తీస్కపోండ్రి," అంది. "నాది కానప్పుడు నా దొడ్ల ఎందుకు? మీకు ఇష్టమొచ్చిన తావుల పెట్టుకోండ్రి."

దూలయ్య ఆ మాట ఊహించలేదు. గడ్డం గోక్కుని, "మంచి మాట," అన్నాడు.

ఎండలు ముదిరి బడికి సెలవులిచ్చాక ట్రాక్టరు తెచ్చారు. రోడ్డు మలుపులో కానుగచెట్టు కింద గద్దె కట్టారు, మీద రేకులు వేశారు. దిమ్మెతో సహా పెకలించి మేళంతో మోసుకుపోయారు. యశోద వాకిట్లో నిలబడి చూసింది. బరువు దిగిపోయినట్టు ఉంటుందనుకుంది. దొడ్డి మూలన మిగిలిన గుంటను చూస్తే మాత్రం పన్ను ఊడిన చోటికి నాలుక పోయినట్టు, చూపు మాటిమాటికీ అటే పోయింది.

పొద్దు వాలకముందే దూలయ్య మళ్లీ వచ్చాడు. తల వంచుకుని నిలబడ్డాడు.

"దించేటప్పుడు తోక ఇరిగింది కోడలా."

"నన్నేం చెయ్యమంటవ్ మామా?"

"తోక లేని స్వామికి ఎట్ల మొక్కుతరు? తాపీ పని వచ్చినోళ్లను అడిగిన. సాపు గోడైతే చేస్తం, గిది మాకు రాదన్నరు."

యశోద నిట్టూర్చి లోపలికి పోయి తాపీ, దువ్వెన, మిగిలిన కట్టుడు తీగ తెచ్చుకుంది. మర్నాడు పొద్దున్నే కానుగచెట్టు కిందికి పోయింది. ఉసిరికాయల కాలం పోయి తునికాకు కాలం వచ్చింది. ఆకు కోసి వస్తున్న జంపక్క మూట దించి ఆమె పక్కనే నీడన కూర్చుంది. యశోద విరిగిన చోట సిమెంటు గీకి, చువ్వ బయటపెట్టి, తీగ చుట్టి, మాలు పెట్టడం మొదలుపెట్టింది. ఎక్కడివాడో బండి ఆపి మొక్కడానికి వచ్చిన ఒకాయన ఆమెను చూసి కనుబొమ్మలు ముడిచాడు.

"ఏమ్మా, తానం చేసే వచ్చినవా? స్వామిని ముట్టుకుంటున్నవ్."

దూలయ్య ఏదో చెప్పబోయాడు. యశోద మాలు అంటిన చెయ్యి ఎత్తి వద్దన్నట్టు ఊపింది. జంపక్క ఊరుకోలేదు.

"ఆయన కడుపు నింపింది గూడ ఈమెనే నాయనా."

"ఏం పెట్టి?"

"ఇటుకముక్కలు పెట్టి."

ఆయనకు అర్థం కాలేదు. కొబ్బరికాయ కొట్టి వెళ్లిపోయాడు. యశోదకు నవ్వు వచ్చింది. నవ్వుతుంటే నడుము కలుక్కుమంది.

తోక అయ్యాక చేతులు కడుక్కుని ఎదురుగా వచ్చి ముఖం చూసింది. ఆమె బొటనవేలితో నొక్కిన నుదురు లేదు. చూరులాంటి కనుబొమ్మలు లేవు. ఎర్రటి ముద్దలో ఒక గోళీ మాత్రం మెరుస్తోంది. గోరుతో కొంచెం సింధూరం గీకింది. కింద నలుపు తగిలింది. ఇంకొంచెం గీకి, ఆగిపోయింది. తీస్తే రేపు మళ్లీ పూస్తారు. వేలిని కొంగుకు తుడుచుకుంది.

"తోకకు పది పదిహేను రోజులు నీళ్లు పట్టాలె మామా," అని దూలయ్యకు చెప్పింది. "పాలు వద్దు, పసుపునీళ్లు వద్దు. ఉత్త నీళ్లు. గోనెసంచి కప్పి తడపాలె. లేకుంటే బీటలు వారుతది."

ఆయన సరేనన్నాడు, ఎవరికో చెప్పాడు కూడా. మర్నాడు సాయంత్రం అటు పోయి చూస్తే గోనెసంచి ఎండి అట్ట కట్టి ఉంది. యశోద ఇంటికొచ్చి బిందె చంకన పెట్టుకుని మళ్లీ మలుపు దాకా నడిచింది. ఆ ఎండల్లో రోజూ అదే పనైంది. బస్సుల్లో పోయేవాళ్లు కిటికీల్లోంచి ఆమెకు కూడా దండం పెట్టేవారు. ఎవరో భక్తురాలు అభిషేకం చేస్తోందనుకున్నారు. తోక ఆరి గట్టిపడింది, బీట లేదు. ఆ రోజు నుంచి పోవడం మానేసింది.

కోతుల్లో సగం మలుపు దగ్గరకే మకాం మార్చాయి. మిగిలిన సగం అప్పుడప్పుడూ దొడ్డికి వచ్చి, ఏమీ లేక, వాకిట్లో కాసేపు కూర్చుని పోయేవి. తొలకరి పడ్డాక సారంగపాణి ఖమ్మం పోయి ఒక సంచి పసుపు విత్తనం తెచ్చాడు. యశోద బోదెలు తీసి కొమ్ములు పెడుతుంటే జంపక్క తడక మీదికి వంగింది.

"ఈ ఏడు ఏం పెడుతున్నవ్?"

"పసుపు. కోతులు ముట్టవంట."

"మనిషి గూడ చిటికెడే తింటడు గదా."

"అవ్," అంది యశోద, నడుము మీద చెయ్యేసుకుని లేస్తూ. "ఎక్కువ పండినా వండేది నేనే గదా జంపక్కా. చిటికెడు చాలు. రా, నీళ్లు తాగి పో."